ఆరు నెలల సర్టిఫికెట్టా, మూడేళ్ల డిప్లొమానా?

ప్రశ్న: మాది పుత్తూరు దగ్గర పల్లె. నాకు 19 ఏళ్లు. ఇంటర్ ఎంపీసీ పాసయ్యాను. నాన్నకు పుత్తూరులో చిన్న టీవీ రిపేరు షాపు ఉంది. ఎనిమిదో తరగతి నుంచి సెలవుల్లో అక్కడే కూర్చునేదాన్ని. టంకం వేయడం, మల్టీమీటరుతో కొలవడం, డిష్ బిగించడం వచ్చు. ఇప్పుడు టీవీలు బాగు చేయించుకునేవాళ్లు తగ్గిపోయారు. నాకు వైర్‌లెస్ టెక్నాలజీ వైపు వెళ్లాలని ఉంది. తిరుపతిలో ఒక శిక్షణ సంస్థ వాళ్లు ఆరు నెలల్లో ‘5జీ వైర్‌లెస్ టెక్నీషియన్’ సర్టిఫికెట్ ఇస్తామని, ఉద్యోగం ఖాయమని చెబుతున్నారు. ఫీజు 65 వేలు. మావయ్య ఐటీఐ చాలంటాడు. నాన్న కంప్యూటర్ సైన్సులో బీటెక్ చేయమంటాడు. అమ్మకు టవర్లు ఎక్కాల్సి వస్తుందేమోనని ఒక భయం, రేడియేషన్ తగులుతుందేమోనని ఇంకో భయం. ఈలోగా నాన్న స్నేహితుడు ఒకాయన సిగ్నల్ బూస్టర్లు తెచ్చి మా షాపులో పెట్టాడు. అవి అమ్మి, ఇళ్లకు వెళ్లి బిగిస్తే బాగా మిగులుతుందట. బిగించే పని నన్ను నేర్చుకోమంటున్నాడు. నేను ఏ దారిన వెళ్లాలి?
– ఒక పాఠకురాలు, పుత్తూరు

సమాధానం: 65 వేలు కట్టకమ్మా. మిగతా సంగతులు నిదానంగా మాట్లాడుకుందాం గానీ ఈ ఒక్కటి ముందే చెప్పాలి. అలాంటి చోట్ల ‘ఈ శనివారంలోగా చేరితే పది వేలు తగ్గింపు’ అని తొందరపెట్టడం మామూలే. ఈ సమాధానం నీ కంట పడేలోగా అడ్వాన్సు కట్టేసి ఉండవనే అనుకుంటున్నాను.

ఆరు నెలల శిక్షణలన్నీ మోసమని నేననడం లేదు. ఫైబరు అతకడం, టవరు మీద యాంటెన్నాలు బిగించడం లాంటి ఒక్కో పనికీ కొద్ది నెలల కోర్సులు ఉన్నాయి. టెలికాం రంగ నైపుణ్య మండలి వాటికి ప్రమాణాలు కూడా రూపొందించింది. చేతిలో డిప్లొమానో ఐటీఐనో ఉన్నవాళ్లకు అవి అదనపు బలం. అసలు చదువు లేకుండా అదొక్కటే ఉద్యోగం తెచ్చిపెడుతుందని చెప్పడంతోనే నాకు పేచీ. ఊరికే అనుమానించడం ఎందుకు, ఒకసారి నాన్నను తీసుకుని వెళ్లి అడుగు. సర్టిఫికెట్ మీద ఎవరి ముద్ర ఉంటుంది, దానికి వృత్తి శిక్షణను పర్యవేక్షించే జాతీయ మండలి (ఎన్‌సీవీఈటీ) గుర్తింపు ఉందా? తరంగాలను కొలిచి తెర మీద చూపే స్పెక్ట్రమ్ అనలైజర్లు ఎన్ని ఉన్నాయి, వారానికి ఎన్ని గంటలు నా చేతికిస్తారు? కిందటి బ్యాచిలో ఉద్యోగం వచ్చినవాళ్లలో ఇద్దరితో ఫోనులో మాట్లాడించగలరా? ‘ఉద్యోగం ఖాయం’ అన్న మాటను రసీదు మీద రాసి సంతకం పెడతారా? ఈ చివరి ప్రశ్న దగ్గర కుర్చీలో సర్దుకుని కూర్చోవడం మొదలుపెడితే మీరు లేచి వచ్చేయవచ్చు.

వైర్‌లెస్ టెక్నీషియన్ ముందు ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్ కావాలి. ఒక మొబైల్ టవరు ఆగిపోయిందని పిలుపు వచ్చిందనుకో. అక్కడి పరికరాలు మైనస్ 48 వోల్టుల డీసీ మీద నడుస్తాయి. ఏసీ కరెంటును డీసీగా మార్చే రెక్టిఫయరు సరిగా ఇస్తోందా, బ్యాటరీలు నిలబడుతున్నాయా, పైకి వెళ్లే ఫైబరు ఎక్కడైనా నలిగిందా, కనెక్టరులోకి వాన నీరు దిగిందా, ఎర్తింగు పట్టీ తుప్పు పట్టిందా, ఇవన్నీ చూశాకే తరంగాల లెక్క మొదలవుతుంది. ‘5జీ’ అని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసినంత మాత్రాన ఈ వరుస మారదు. మన దేశంలో 5జీ సేవలు 2022 అక్టోబరు 1న మొదలయ్యాయి. ఆ తర్వాత కూడా టెక్నీషియన్ సంచిలో మల్టీమీటరూ స్క్రూడ్రైవరూ ఉండనే ఉన్నాయి. నువ్వు షాపులో నేర్చుకున్నది ఏదీ వృథా కాలేదని చెప్పడానికే ఇదంతా.

ఇక మావయ్య మాట. ఐటీఐలో నీకు తగిన ట్రేడు ఎలక్ట్రానిక్ మెకానిక్. రెండేళ్ల కోర్సు, గణితం, సైన్సుతో పదో తరగతి పాసైతే చాలు. పవర్ సప్లైలు, ఆసిలేటర్లు, డిజిటల్ సర్క్యూట్లు, బోర్డు మీద అతికే సూక్ష్మ భాగాలకు టంకం, మైక్రోకంట్రోలరు, ఫైబరు, కమ్యూనికేషన్, సెల్‌ఫోన్ మరమ్మతు, అన్నీ కొంచెం కొంచెం రుచి చూపిస్తారు. మంచి ట్రేడే. చేతిపని రాని పిల్లలెవరైనా అడిగితే నేనూ ఐటీఐ అనే చెబుతాను. నీ సంగతి వేరు. నీకు చేతిపని వచ్చు, ఇంకా రావలసింది దాని వెనకున్న లెక్క. ఇంటర్‌లో సంవర్గమానాలు, త్రికోణమితి, సంకీర్ణ సంఖ్యలు చదివావు కదా. అవి ఎందుకు పనికొస్తాయో అని అప్పట్లో తిట్టుకుని ఉంటావు. వైర్‌లెస్‌లో శక్తి హెచ్చుతగ్గులను చెప్పే డెసిబెల్ అంతా సంవర్గమానమే, ఏసీ కరెంటుకు ఎదురయ్యే అడ్డు అయిన ఇంపెడెన్సు అంతా సంకీర్ణ సంఖ్యే. వాటిని వాడుకునే చదువు పాలిటెక్నిక్‌లో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్ ఇంజినీరింగు) డిప్లొమా. మూడేళ్లు. నా ఓటు దానికే.

ఇంట్లో మూడేళ్లు ఆగే వీలు లేకపోతే మాత్రం ఐటీఐలో చేరు, నామోషీ పడాల్సిందేమీ లేదు. ఐటీఐ అయ్యాక బ్రిడ్జి కోర్సు చేసి డిప్లొమా రెండో సంవత్సరంలో చేరే దారి మన రాష్ట్రంలో ఉంది. డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి ఇంజినీరింగు రెండో సంవత్సరంలో చేరవచ్చు. ఈ ఒక్క ముక్క నాన్నకు చదివి వినిపించు. బీటెక్ ఎక్కడికీ పోలేదు, మూడేళ్ల తర్వాత కూడా అది అక్కడే ఉంటుంది. ఆయన కంప్యూటర్ సైన్సు అనడం నాకు అర్థమవుతుంది. రోజంతా షాపులో కూర్చుని గిరాకీ పలచబడటం చూసినవాడికి ఎలక్ట్రానిక్స్‌కే కాలం చెల్లిందనిపిస్తుంది. కాలం చెల్లింది టీవీ మరమ్మతుకు. ఆ టీవీలను తయారుచేసే కర్మాగారాలు మాత్రం మీ ఇంటికి గంటన్నర దూరంలో, రేణిగుంట పక్కన లేచాయి.

చదువుకోవడానికి దూరం పోనక్కర్లేదు. ఎస్వీ ప్రభుత్వ పాలిటెక్నిక్, టీటీడీ ఆధ్వర్యంలోని పద్మావతి మహిళా పాలిటెక్నిక్ రెండూ తిరుపతిలోనే ఉన్నాయి. పుత్తూరు నుంచి రైలూ ఉంది, బస్సూ ఉంది. ఏ కాలేజీలో చేరినా ముందు ల్యాబు చూపించమని అడుగు. తరంగాల ఆకారం చూపించే ఆసిలోస్కోపుల మీద కవర్లు నిగనిగలాడుతూ ఉంటే అనుమానించు. ప్రోబుల తీగలు వాడి వాడి మెత్తబడి, బల్లల మీద టంకం మరకలు ఉంటే అక్కడ పిల్లలు పనిచేస్తున్నారని అర్థం.

ఇప్పుడు అసలు సంగతి. టీవీ రిపేరులో చాలా తప్పులు కంటికే దొరుకుతాయి. ఉబ్బిన కెపాసిటరు, మాడిన రెసిస్టరు, పగిలిన టంకం. వైర్‌లెస్‌లో చూడటానికి అంతా బాగానే ఉంటుంది, పని మాత్రం జరగదు. అందుకే ఈ వృత్తిలో మంచి టెక్నీషియన్‌కూ మామూలు టెక్నీషియన్‌కూ తేడా కొలతల దగ్గరే తెలుస్తుంది. తోచినట్టు భాగాలు మార్చి చూసేవాడు ఒకడు, కొలిచి తప్పు ఎక్కడుందో పట్టుకుని అదొక్కటే మార్చేవాడు ఇంకొకడు. ఈ రెండో అలవాటు ఏ కాలేజీ అయినా పరిచయం చేస్తుందే తప్ప అంటించలేదు. దాన్ని నువ్వే, ఇప్పటి నుంచే చేసుకోవాలి. మొదటి పాఠానికి పైసా ఖర్చు లేదు.

నీ ఫోను సెట్టింగుల్లో సిమ్ స్థితి చూపించే చోట సిగ్నల్ బలం డీబీఎంలలో ఉంటుంది, మైనస్ గుర్తుతో. సున్నా డీబీఎం అంటే ఒక మిల్లీవాట్. మూడు పెరిగితే శక్తి రెట్టింపు, పది పెరిగితే పదింతలు. మైనస్ 70 బలమైన సిగ్నల్, మైనస్ 110 దగ్గర మాట తెగుతూ ఉంటుంది. రెండింటికీ తేడా 40 డెసిబెల్, అంటే పది వేల రెట్లు. ఒక నోటుపుస్తకం తీసుకుని డాబా మీద, వంటింట్లో, ఇనుప బీరువా పక్కన, ఊరి చెరువు కట్ట మీద, కొండకు ఇవతల, కొండకు అవతల అంకెలు రాసుకో. ఒక్కో చోట కాసేపు నిలబడి సగటు చూడాలి, అంకె నిలకడగా ఉండదు. తిరుమల ఘాట్ రోడ్డులో వెళ్లేటప్పుడు ఒక మలుపులో నిండుగా ఉన్న సిగ్నల్ తర్వాతి మలుపులో ఎందుకు పడిపోతుందో అప్పుడు పుస్తకం చూడకుండానే చెప్పగలుగుతావు.

రెండో పాఠానికి కొంచెం సరంజామా కావాలి. నానోవీఎన్‌ఏ అని అరచేతిలో ఇమిడే పరికరం కొన్ని వేల రూపాయలకు దొరుకుతుంది. ఆ 65 వేలలో పదో వంతు దీనికి పెట్టమని నాన్నను అడుగు. యాంటెన్నాకు పంపిన శక్తిలో ఎంత తిరిగి వస్తోందో అది గీత గీసి చూపిస్తుంది. దాన్ని సూచించే అంకెను వీఎస్‌డబ్ల్యూఆర్ అంటారు. అది ఒకటిన్నర ఉంటే నాలుగు శాతం శక్తి వెనక్కి వస్తున్నట్టు, రెండు ఉంటే పదకొండు శాతం, మూడు ఉంటే నాలుగో వంతు. కొలిచే ముందు పెట్టెలో ఇచ్చిన మూడు బుడిపెలు ఒక్కొక్కటిగా తగిలించి సరిచూసుకోవాలి. ఒకటి తెరిచిన కొస, ఒకటి షార్ట్, ఒకటి 50 ఓములు. ఈ సరిచూడటం బద్ధకించి మానేసేవాళ్లను ఎంతోమందిని చూశాను. తర్వాత వాళ్లు కొలిచేది యాంటెన్నాను కాదు, తమ బద్ధకాన్ని.

దానితో కొలవడానికి ఒక డైపోల్, అంటే రెండు తీగ చేతుల సాదా యాంటెన్నా, తయారుచెయ్యి. 300ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే తరంగదైర్ఘ్యం మీటర్లలో వస్తుంది. ఎఫ్‌ఎం బ్యాండు నడుమ 100 మెగాహెర్ట్జ్ తీసుకుంటే 3 మీటర్లు, అందులో సగం మీటరున్నర. నిజమైన తీగకు అయిదు శాతం తగ్గించాలి కాబట్టి సుమారు 143 సెంటీమీటర్లు. నడుమ కోసి, ఒక్కో చేయి 71 సెంటీమీటర్లు ఉండేలా పాత కరెంటు తీగతోనే చేసుకోవచ్చు. దాని ఇంపెడెన్సు 73 ఓముల దాపు. మీ షాపులో చుట్టలు చుట్టలుగా ఉన్న డిష్ కేబులు 75 ఓములది. రెండూ సరిపోయాయి కదా, గీత ఒకటి దగ్గరకు దిగిపోతుందని ఆశపడతావు. దిగదు, ఒకటిన్నర దాపుల్లో ఆగుతుంది. తప్పు నీ డైపోల్‌ది కాదు. నానోవీఎన్‌ఏ 50 ఓముల ప్రపంచానికి చెందినది, 75ను 50తో భాగిస్తే వచ్చేది ఒకటిన్నరే. కాగితం మీద చదివితే మరిచిపోయే విషయం ఇది. ఒక సాయంత్రం తల పట్టుకుని కూర్చుని తెలుసుకుంటే జన్మలో మరిచిపోవు.

కనెక్టరు వేయడం మీద నాకు కాస్త చాదస్తం ఉంది, భరించు. కేబులు కొసను కత్తితో గీకేటప్పుడు నడిమి రాగి తీగకు గాటు పడకూడదు. బయటి జల్లెడ తీగల్లో ఒక్క వెంట్రుకంత పోగు నడిమి తీగను తాకినా అంతా షార్ట్. కనెక్టరును నొక్కి బిగించాక (క్రింప్ చేశాక) గట్టిగా ఒకసారి లాగి చూడాలి, ఊడి వస్తే ఇప్పుడే రావాలి, టవరు మీదికెక్కాక కాదు. బయట బిగించేది అయితే సాగదీస్తే తనలో తాను కలిసిపోయే రబ్బరు టేపు కింది నుంచి పైకి చుట్టాలి. అలా చుడితే నీరు మడతల మీదుగా జారిపోతుంది. పై నుంచి కిందికి చుడితే ప్రతి మడతా నీటిని లోపలికి పట్టుకుంటుంది. కేబులు ఎంపిక కూడా ఇలాంటిదే. ఆర్‌జీ-58 అనే సన్న కేబులులో 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర మీటరుకు సుమారు ఒక డెసిబెల్ నష్టం. పది మీటర్లు లాగావంటే పదో వంతు శక్తే అవతలికి చేరుతుంది. ‘పెద్ద యాంటెన్నా పెట్టినా సిగ్నల్ రావడం లేదు’ అనే ఫిర్యాదుల్లో కొన్నింటికి కారణం ఇంత సాదాగా ఉంటుంది.

ఈ కొలతల విద్య ఎక్కడిదాకా వెళుతుందో చూడాలంటే తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలోనే గాదంకి ఉంది. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలోని ఎంఎస్‌టీ రాడార్ గురించి స్కూల్లో ఎవరైనా చెప్పారో లేదో. 1992లో రాడార్ కేంద్రంగా మొదలై 2005లో ప్రయోగశాలగా మారింది, అంతరిక్ష విభాగం కిందిది. 130 మీటర్ల పొడవూ అంతే వెడల్పూ ఉన్న మైదానంలో వరసకు 32 చొప్పున 32 వరసలు, మొత్తం 1024 యాగీ యాంటెన్నాలు. పూర్వం మన మిద్దెల మీద దూరదర్శన్ కోసం నిలబెట్టిన యాంటెన్నా కూడా యాగీ జాతిదే. మీ నాన్న ఎన్ని బిగించి ఉంటాడో అడుగు. గాదంకిలోవి 53 మెగాహెర్ట్జ్‌వి. పై సూత్రంతో లెక్క వేసి చూడు, తరంగదైర్ఘ్యం 5.66 మీటర్లు వస్తుంది. ఒక్కో యాంటెన్నాకు వెళ్లే తరంగం దశను, అంటే అది లేచే క్షణాన్ని, కొద్దికొద్దిగా మారిస్తే, ఏ యాంటెన్నానూ కదపకుండానే పుంజం ఆకాశంలో పక్కకు వంగుతుంది. పైనున్న గాలిలో సుడులను తాకి వెనక్కొచ్చే అతి బలహీనమైన ప్రతిధ్వనిని పట్టి, ఎత్తు ఎత్తుకూ గాలి వేగం లెక్కగడతారు. ఇన్ని యాంటెన్నాల్లో కొన్నింటి కేబుళ్లు పాడైనా పుంజం ఆకారం చెడుతుంది. శాస్త్రవేత్తల పేర్లు పత్రాల మీద ఉంటాయి, ఆ వెయ్యి పైచిలుకు కనెక్టర్లను కనిపెట్టుకుని ఉండేది టెక్నీషియన్లు. కాలేజీలో చేరాక మీ ఈసీఈ విభాగం తరఫున సందర్శనకు ఉత్తరం రాయించు.

ఉద్యోగాల మాటకొస్తే, శ్రీహరికోట షార్‌లో టెక్నీషియన్-బి పోస్టులకు పదో తరగతితో పాటు సంబంధిత ట్రేడులో ఐటీఐ అడుగుతారు. టెక్నికల్ అసిస్టెంటుకు మొదటి తరగతి డిప్లొమా కావాలి. ‘మొదటి తరగతి’ అన్న మాట గమనించు. మూడేళ్లు పరీక్షల ముందు మాత్రమే చదివి గట్టెక్కినవాళ్లు అక్కడ దరఖాస్తుకే పనికిరారు. రాత పరీక్ష తర్వాత చేతిపని పరీక్ష కూడా ఉంటుంది, అక్కడ షాపులో పెరిగిన నీకు దడ ఉండదు. రైల్వేలో సిగ్నల్, టెలికాం విభాగం ఉంది. రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ వ్యవస్థ ఇంజనుకూ స్టేషనుకూ మధ్య రేడియో మీదే మాట్లాడుతుంది. పట్టాల మధ్య రైలు ఎక్కడుందో తెలిపే ఆర్‌ఎఫ్‌ఐడీ బిళ్లలు, పక్కన టవర్లు ఉంటాయి. అది విస్తరించే కొద్దీ వాటిని చూసుకునే మనుషులు కావాలి. ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థలైన హైదరాబాదు ఈసీఐఎల్‌లో, బెంగళూరు, మచిలీపట్నం బీఈఎల్‌లో అప్రెంటిస్‌షిప్ ఒక ఏడాది చేస్తే చేతికి వచ్చే అనుభవం మరెక్కడా రాదు. ఊరు వదిలి ఒక్క ఏడాది ఉండటానికి ఇంట్లో ఇప్పటి నుంచే ఒప్పించుకో.

రేణిగుంట, శ్రీసిటీ కర్మాగారాల గురించి ఒక హెచ్చరిక. అక్కడ అసెంబ్లీ లైన్లలో అమ్మాయిలే ఎక్కువగా కనిపిస్తారు, తీసుకోవడమూ సులువే. పదో తరగతో ఇంటరో చాలు. కానీ స్క్రూలు బిగించే లైనులో రెండేళ్లు గడిపితే స్క్రూలు బిగించడమే వస్తుంది. తయారైన ప్రతి ఫోనునూ రేడియో తరంగాలు చొరబడని పెట్టెలో పెట్టి, ఎంత శక్తితో పంపుతోంది, ఎంత బలహీనమైన సిగ్నల్ పట్టగలుగుతోంది అని కొలిచే ఆర్‌ఎఫ్ టెస్టింగ్ విభాగం వేరే ఉంటుంది. ఇంటర్వ్యూలో దాని పేరు చెప్పి అడగాలి. డిప్లొమా లేకుండా అడిగితే ఎవరూ వినిపించుకోరు, నేను మూడేళ్లు అంటున్నది అందుకు కూడా.

అమ్మ భయాల్లో ఒకటి సరైనది, ఒకటి కాదు. ఎత్తు ప్రమాదకరమే. శిక్షణ, నడుముకూ భుజాలకూ కట్టే బెల్టు, ఇద్దరు మనుషులు లేకుండా ఎవరూ టవరు ఎక్కకూడదు, ఆడయినా మగయినా. ఉరుములు వినిపిస్తే దిగిపోవాలి. కానీ వైర్‌లెస్ పనిలో టవరు ఎక్కడం ఒక భాగమే, అందుకు వేరే రిగ్గర్లు ఉంటారు. ల్యాబు, టెస్టింగు, కంట్రోలు గది, మరమ్మతు బల్ల, ఇవన్నీ నేల మీదే ఉన్నాయి. ఒకవేళ నీకే ఎక్కాలని ఉంటే అది అమ్మకు మెల్లగా చెప్పుకో, నా పేరు తేకు.

రేడియేషన్ సంగతి చెబుతాను. మొబైల్ తరంగాలు ఎక్స్-రేల వంటివి కావు, అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టేంత శక్తి వాటికి లేదు. వాటి వల్ల పుట్టేది వేడి. మన దేశంలో టవర్ల నుంచి వెలువడే తరంగాలకు 2012 నుంచి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతునే అనుమతిస్తున్నారు. టెక్నీషియన్ జాగ్రత్త పడాల్సింది పనిచేస్తున్న యాంటెన్నా ముఖానికి దగ్గరగా నిలబడే చోట, ఆన్‌లో ఉన్న ట్రాన్స్‌మిటరు కనెక్టరు విప్పే చోట. ‘ముందు ఆపు, ఆగిందని కొలిచి చూడు, తర్వాత ముట్టుకో’ అన్న క్రమం తప్పకపోతే అమ్మ నిశ్చింతగా ఉండవచ్చు.

చివరికి ఆ బూస్టర్లు. ఈ భాగం నాన్న స్నేహితుడికి కూడా చదివి వినిపించు, ఆయనకు కోపం వచ్చినా సరే. టెలికాం శాఖ అనుమతి లేని సిగ్నల్ బూస్టర్లు, రిపీటర్లు అమ్మడం, కొనడం, బిగించడం మన దేశంలో చట్టవిరుద్ధం. జామర్ల సంగతి సరేసరి. చట్టం పేరు చెప్పి బెదిరించడం నా ఉద్దేశం కాదు, దాని వెనక ఉన్న కారణం తెలుసుకో. ఆ పెట్టె ఇంట్లోకి వచ్చే సిగ్నల్‌ను పెంచుతుంది, ఇంట్లోంచి టవరుకు వెళ్లేదాన్నీ పెంచుతుంది. సిగ్నల్‌తో పాటు రొదనూ పెంచుతుంది, ఏది ఏదో దానికి తెలియదు. బయటి యాంటెన్నా, లోపలి యాంటెన్నా దగ్గరగా ఉంటే పెళ్లి పందిట్లో మైకు స్పీకరు ముందుకొచ్చి కీచుమన్నట్టు తనలో తానే మోగడం మొదలుపెడుతుంది. ఆ కీచు మన చెవికి వినపడదు, టవరుకు వినపడుతుంది. అసలే బలహీనంగా చేరే ఊరివాళ్ల ఫోన్ల సిగ్నల్ ఆ రొదలో మునిగిపోతుంది. ఒక ఇంట్లో నాలుగు గీతలు పెరుగుతాయి, వీధిలో పది మందికి ఫోను తెగుతుంది. కంపెనీవాళ్లు దిశ చూపే యాంటెన్నా పట్టుకుని వీధి వీధీ తిరిగి ఆ పెట్టె ఏ ఇంట్లో ఉందో కనిపెట్టగలరు. అలా కనిపెట్టే ఉద్యోగమే రేపు నీది కావచ్చు.

మీ షాపుకు వచ్చేవాళ్ల ఇబ్బంది మాత్రం నిజమైనదే. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉన్నవాళ్లకు ఫోనులో వైఫై కాలింగ్ ఆన్ చేసి చూపించు, చాలామందికి అది ఉందనే తెలియదు. రూటరును బీరువా వెనక నుంచి తీసి నడవలో ఎత్తుగా పెట్టు. పెద్ద ఇళ్లకు, కల్యాణ మండపాలకు ఎక్కడెక్కడ వైఫై అందుతోందో కొలిచి, తీగ లాగి రెండో యాక్సెస్ పాయింటు పెట్టే పని తీసుకో. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండుకు, నిర్ణయించిన శక్తికి లోబడినంత వరకు, లైసెన్సు అక్కర్లేదు. మామిడితోట చివర సీసీ కెమెరా పెట్టుకోవాలనుకునే రైతులు మీ చుట్టుపక్కల ఎందరో ఉంటారు, వాళ్లకూ ఇదే విద్య కావాలి. కాలేజీ లేని రోజుల్లో ఈ పనులు చేస్తే ఖర్చులకు వస్తుంది, నాన్న షాపుకు కొత్త గిరాకీ వస్తుంది. పుత్తూరు అంటే ఎముకల కట్టు అని లోకమంతా అనుకుంటుంది, వైఫై కట్టే షాపు కూడా ఒకటి ఉందని అంటే తప్పేముంది.

సొంతంగా ప్రసారం చేసి చూడాలన్న కోరిక పుడితే (పుట్టాలి) దానికి చట్టబద్ధమైన దారి హామ్ రేడియో, అంటే వ్యాపారం కోసం కాక ఆసక్తితో నడిపే రేడియో. కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం దానికి పరీక్ష పెట్టి లైసెన్సు ఇస్తుంది. మన దేశపు హామ్‌ల పిలుపు గుర్తులు ఎక్కువగా వీయూ2, వీయూ3లతో మొదలవుతాయి. హైదరాబాదులో 1983 నుంచి జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఈ విద్యను ప్రోత్సహిస్తోంది. తుపానుల్లో టవర్లు కూలి ఫోన్లు మూగబోయినప్పుడు కబురు చేరవేసేది ఈ హామ్‌లే. యాంటెన్నా, పవర్, తరంగాల ప్రయాణం గురించి ఆ పరీక్షకు చదివినది డిప్లొమాలో కూడా అక్కరకొస్తుంది. కంప్యూటరుకు తగిలించే చవక రిసీవరు ఒకటి కొని ఎఫ్‌ఎం స్టేషన్లు తెర మీద ఎలా కనిపిస్తాయో చూడు, సరదాగా ఉంటుంది. పోలీసు వైర్‌లెస్ వినే ప్రయత్నాలు మాత్రం చేయకు. స్నేహితులెవరైనా గొప్పగా చెప్పినా సరే.

డిప్లొమాలో చేరడానికి రాయాల్సిన పాలిసెట్ 120 మార్కులకు, పదో తరగతి గణితం, భౌతిక, రసాయన శాస్త్రాల మీదే ఉంటుంది. ఇంటర్ చదివినవాళ్లు ‘ఇదెంత’ అనుకుని పదో తరగతి పుస్తకం తెరవరు, అక్కడే ర్యాంకు పోగొట్టుకుంటారు. ఆ పాత పుస్తకాలు అటక మీద నుంచి దించు. తిరుపతిలోని కాలేజీల్లో ఈసీఈ సీటు రావాలంటే మంచి ర్యాంకే కావాలి.

డైపోల్ చేశాక గీత ఫొటో తీసి పంపు. ఒకటిన్నర దగ్గరకు దిగకుండా బాగా పైనే ఆగిపోయిందంటే తీగ పొడవు జోలికి వెంటనే పోకు. ముందు కేబులు కొసన వేసిన కనెక్టరు విప్పి, వెలుతురులో పట్టుకుని, జల్లెడ తీగ పోగు ఏదైనా నడిమి తీగ మీద పడిందేమో చూడు.